టైలరమ్మ ఎడమ రెట్ట: 11 నెలల ఫ్రోజెన్ షోల్డర్ కేసు

“కరెంటు పెట్టి పంపించెయ్యండి సార్, నాలుగున్నరకి బస్సుండాది.”

కుర్చీలో కూర్చోకముందే ఆవిడ అన్న మాట ఇది. జనవరి చివరి వారం, సంక్రాంతి కుట్టు పనులు అప్పుడే అయిపోయాయి. బుచ్చిరెడ్డిపాలెం నుంచి నెల్లూరుకి బస్సులో వచ్చారు. 53 ఏళ్లు. ఇంట్లోనే మెషిన్ పెట్టుకుని జాకెట్లు కుడతారు. ఎడమ చేతిని కుడి చేత్తో పొట్టకి ఆనించి, చంటిబిడ్డని పట్టుకున్నట్టు పట్టుకుని ఉన్నారు. పెన్నా బ్రిడ్జి మీద బస్సు సడన్ బ్రేకు వేస్తే ఆ చెయ్యి తనకి తెలియకుండానే ముందు సీటు కడ్డీ మీదికి పోయిందట. “ప్రాణం పోయొచ్చింది సార్” అన్నారు.

పేరు రాయను, టైలరమ్మ అనే అంటాను. ఆవిడ ఒప్పుకున్నాకే రాస్తున్నా. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. ఫ్రోజెన్ షోల్డర్ అంటే భుజం కీలు బిగుసుకుపోయి చెయ్యి కదలకుండా పోయే జబ్బు, ఆ కేసులు మా ఫిజియోథెరపిస్టులకి రోజూ వస్తాయి. అయినా దీన్ని రాయడానికి కారణం, ఇందులో నేను కూడా ఒక తప్పు చేశాను.

మా దగ్గరికి రాకముందు

శ్రావణమాసంలో మొదలైంది. వరలక్ష్మీ వ్రతానికి ముందు వారం, జాకెట్లు కుప్పలుగా వచ్చిపడే రోజులు. అటక మీది డబ్బా దించబోతే ఎడమ రెట్టలో చురుక్కుమంది. బెణికిందనుకుని బామ్ రాసుకున్నారు. రెండు వారాలకి దండెం మీద బట్టలు ఆరేయడం కష్టమైంది. నెల తిరిగేసరికి జడ వేయడం కూతురి పనైంది. దసరా నాటికి రాత్రి నిద్ర పోయింది. ఎడమ పక్కకి ఒత్తిగిలితే ఉలిక్కిపడి లేవడం, లేచి ఆ చెయ్యి ఒళ్లో పెట్టుకుని మంచం మీద కూర్చోవడం.

మొదట మెడికల్ షాపులో నొప్పి బిళ్లలు. తర్వాత ఒకచోట మెడకి ఎక్స్‌రే తీసి, ఎముక అరిగిందని కాలర్ వేశారు. యాభై దాటిన చాలామంది మెడ ఎక్స్‌రేలో ఎంతో కొంత అరుగుదల ఉంటుంది. అది కనబడినంత మాత్రాన నొప్పి అక్కడి నుంచే వస్తోందని కాదు. నెలపాటు కాలర్ వేసుకుని, మెడ కదపకూడదన్న భయంతో చెయ్యి కూడా కదపడం మానేశారు. చివరికి ఎవరో చెబితే, చేతులు లాగి సరిచేసే ఒకాయన దగ్గరికి వెళ్లారు. ఆయన నూనె రాసి, చంకలో తువ్వాలు చుట్ట పెట్టి, చెయ్యి పైకి గుంజాడు.

“టక్‌మని శబ్దమొచ్చింది. వదిలిందమ్మా అన్నాడు. ఆ రాత్రి నుంచి అసలు కన్ను మూయలేదు సార్.”

షుగర్ తొమ్మిదేళ్లుగా ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వేసుకుంటున్నారు. అక్టోబరులో చేయించిన హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష, 9.1. రెట్ట నొప్పికీ షుగర్‌కీ సంబంధం ఉండొచ్చని అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. మామూలు జనంలో ఫ్రోజెన్ షోల్డర్ నూటికి ఇద్దరి నుంచి ఐదుగురికి వస్తుందని పుస్తకాల లెక్క. షుగర్ ఉన్నవాళ్లలో అది పది నుంచి ఇరవై దాకా ఉంటుంది. థైరాయిడ్ తేడా ఉన్నవాళ్లకీ ఎక్కువే. అందుకని ఆ పరీక్ష కూడా చేయించాం, నార్మల్ వచ్చింది.

చేత్తో చూసినప్పుడు

మెడ అన్ని వైపులా బాగా తిరిగింది. వెనక్కి వంచి, ఒక పక్కకి వాల్చి, తల మీద నొక్కినా చేతిలోకి జివ్వుమనలేదు. వేళ్లలో తిమ్మిరి లేదు. పట్టు గట్టిగానే ఉంది. మెడ సంగతి అక్కడితో వదిలేశాను.

తర్వాత చెయ్యి పైకెత్తమన్నాను. చెయ్యి లేవలేదు, భుజం మొత్తం చెవి దాకా లేచింది. ఇది తెలిసిన బొమ్మే. భుజం కీలు తిరగనప్పుడు రెక్క ఎముక ఆ పని తన మీద వేసుకుంటుంది. ముందుకి 95 డిగ్రీలు, పక్కకి 65. ఆవిడ ఆగిన చోట నేను పట్టుకుని మెల్లగా ఎత్తి చూశాను. అక్కడే ఆగింది, ఒక్క ఐదు డిగ్రీలు కూడా అదనంగా రాలేదు. రోగి ఎత్తలేకపోతున్నా మనం ఎత్తితే లేచే భుజమైతే కండర తాడు తెగిందేమోనని అనుమానించాలి. రెండూ ఒకేచోట ఆగితే తాళం కీలులోనే పడింది.

అసలు పరీక్ష ఇంకొకటి. మోచేతిని నడుముకి ఆనించి, ముంజేతిని తలుపు తెరిచినట్టు బయటికి తిప్పడం. కుడి చెయ్యి 65 డిగ్రీలు తెరుచుకుంది. ఎడమది 10. ఫ్రోజెన్ షోల్డర్‌లో అన్నిటికన్నా ముందు పోయేది, అన్నిటికన్నా ఎక్కువ పోయేది ఈ కదలికే. చెయ్యి ఎంత పైకి లేస్తోందో అందరూ చూస్తారు, ఇది చూసేవాళ్లు తక్కువ. ఆవిడ తిరిగి వచ్చిన మూడు చోట్లా దీన్ని ఎవరూ చూడలేదట.

చెయ్యి వెనక్కి పెట్టమంటే పిరుదు దగ్గరే ఆగింది. కుడిది వీపు మధ్యకి పోతుంది. రాత్రి నొప్పి పదికి ఎనిమిది. నొప్పినీ, రోజువారీ పనుల ఇబ్బందినీ కలిపి నూటికి లెక్కగట్టే స్పాడీ స్కోరు 82.

ఇక్కడ ఒక జాగ్రత్త. ముంజెయ్యి బయటికి తిరగకుండా చేసేవి ఇంకా ఉన్నాయి. కీలు అరుగుదల ఒకటి, వెనక్కి జారి ఇరుక్కుపోయిన భుజం ఇంకొకటి. ఎక్స్‌రే లేకుండా ఫ్రోజెన్ షోల్డర్ అని ఖాయం చేయకూడదు. విచిత్రమేమిటంటే ఐదు నెలల్లో మెడకి రెండుసార్లు ఎక్స్‌రే తీశారు, భుజానికి ఒక్కసారి కూడా తీయలేదు. ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి పంపి రెండు కోణాల్లో తీయించాం. శుభ్రంగా ఉంది. ఎముక బాగుండి చెయ్యి తిరగకపోవడమే ఈ జబ్బు గుర్తు.

చీటీ మీద ఆయన పీఏ షోల్డర్ అని రాశారు. ఇది మన డాక్టర్ల పాత అలవాటు. 1872లో ఫ్రాన్స్‌లో డ్యూప్లే పెట్టిన పెరి ఆర్థ్రైటిస్ అనే పేరు ఇంకా మన చీటీల్లో బతికుంది. ఫ్రోజెన్ షోల్డర్ అన్నది 1934లో అమెరికన్ సర్జన్ కాడ్‌మన్. అడెసివ్ క్యాప్సులైటిస్ అని 1945లో నెవియాసర్ పేరు మార్చాడు. జపాన్ వాళ్లు మాత్రం తేలిగ్గా యాభై ఏళ్ల భుజం అంటారు. చీటీలో మూడు రకాల పేర్లు చూసి మూడు జబ్బులున్నాయని భయపడినవాళ్లు నాకు తెలుసు.

చంక బట్ట

లోపల ఏం జరిగిందో ఆవిడకి చెప్పడం తేలికైంది, పోలిక ఆవిడ చేతిలోనే ఉంది.

“జాకెట్టు చంకలో బట్ట ఎందుకు వదులుగా వదుల్తారమ్మా?”

“చెయ్యెత్తాలి గదా సార్. బిగుతైతే జాకెట్టంతా పైకొచ్చేస్తది.”

భుజం కీలు చుట్టూ అలాంటి సంచి ఒకటి ఉంటుంది. చంక వైపు దానికీ ఒక వదులు మడత ఉంటుంది, చెయ్యి ఎత్తినప్పుడు ఆ మడతే విచ్చుకుంటుంది. ఈ జబ్బులో సంచికి మొదట వాపు వస్తుంది, తర్వాత అది మందమై కుంచించుకుపోతుంది. ముందు వైపు ఒక లిగమెంటు గట్టి తాడులా తయారై ముంజేతిని బయటికి తిరగనివ్వదు. మామూలుగా పాతిక ముప్పై మిల్లీలీటర్ల ద్రవం పట్టే సంచిలో పది కూడా పట్టకపోవచ్చు. షుగర్ ఎక్కువగా ఉంటే చక్కెర కొల్లాజెన్ పోగులకి అతుక్కుని వాటిని ఇంకా బిరుసెక్కిస్తుంది. అరచేతిలో తాళ్లు బిగిసి వేళ్లు ముడుచుకుపోయే డ్యూపుయిట్రన్ అనే జబ్బులో కనిపించే కణాలే ఇక్కడా కనిపిస్తాయి.

ఆవిడ కాసేపు ఆలోచించి అడిగారు. “మొదటి ఉతుకుకే కుంచించుకుపోయిన లైనింగ్ బట్ట మాదిరి. దాన్ని పట్టుకుని గుంజితే చిరుగుద్ది గదా. ఆయన నా చెయ్యి గుంజింది అదేనా?”

అదే.

పుస్తకాలు ఈ జబ్బుని మూడు దశలు చేస్తాయి. నొప్పి పెరిగే దశ, బిగిసిపోయే దశ, వదిలే దశ. మొత్తం ఏడాది నుంచి మూడేళ్లు. నెలలు లెక్కపెట్టి ఎవరు ఏ దశలో ఉన్నారో చెప్పడం నాకైతే కుదరలేదు. నేను అడిగేది ఒకటే, రాత్రి నిద్ర ఎలా ఉంది? నొప్పి నిద్ర లేపుతుంటే సంచి ఇంకా మండుతోంది, దాని జోలికి గట్టిగా పోకూడదు. రాత్రి హాయిగా పడుకుని, పగలు చివరి అంచుకి పోయినప్పుడే నొప్పి అంటే అప్పుడు సాగదీయొచ్చు. టైలరమ్మ అప్పటికి మొదటి రకం.

ఇంజెక్షన్

స్టెరాయిడ్ అనగానే ఆవిడ మొహం మాడిపోయింది. ఎముకలు గుల్లవుతాయని పక్కింటావిడ చెప్పిందట. నెలల తరబడి స్టెరాయిడ్ మింగడం వేరు, కీలులోకి ఒకసారి వేయించుకోవడం వేరు. నొప్పి దశలో వేస్తే మొదటి కొన్ని వారాలు బాగా పనిచేస్తుంది, ఆలస్యమైన కొద్దీ లాభం తగ్గుతుంది. షుగర్ ఉన్నవాళ్లకి కొన్ని రోజులు చక్కెర పెరుగుతుంది, ముందే తెలిస్తే దానికి కంగారు పడక్కర్లేదు. షుగర్ డాక్టర్‌తో మాట్లాడి మందుల మోతాదు సర్దించాక ఆర్థోపెడిక్ డాక్టర్ ట్రయామ్‌సినలోన్ 40 మిల్లీగ్రాములు వేశారు. పరగడుపు షుగర్ అంతకుముందు 148 ఉండేది. రెండో రోజు 262కి పోయింది, ఆరో రోజుకి 161కి దిగింది. రోజూ ఉదయం కూతురు ఫోన్‌లో నంబరు పంపేది.

ఐదో రాత్రి ఆవిడ నాలుగు గంటలు ఏకబిగిన పడుకున్నారు. “సార్, మెలకువొచ్చి చూస్తే తెల్లారింది” అన్నప్పుడు ఆవిడ గొంతు నాకింకా గుర్తుంది.

మొదటి నెల, నా తొందర

మొదటి నాలుగు వారాలు వ్యాయామం అనదగ్గది పెద్దగా లేదు. కటింగ్ టేబుల్ మీద కుడి చెయ్యి ఆనించి ముందుకి వంగి, ఎడమ చేతిని కిందికి వదిలేసి, ఒంటిని మెల్లగా ఊపడం. ఊగేది ఒళ్లు, చెయ్యి దాని వెంట ఊగాలి. చాలామంది చేతినే తిప్పుతారు, దాంతో కండరం బిగుసుకుని ఉన్న లాభం పోతుంది. వెల్లకిలా పడుకుని కుడి చేత్తో ఎడమ చేతిని నొప్పి మొదలయ్యే దాకా ఎత్తి దించడం. టేబుల్ మీద గుడ్డ వేసి, చేతిని దాని మీద ముందుకి జార్చడం. ఐదు నిమిషాల చొప్పున రోజుకి నాలుగైదు సార్లు. వ్యాయామం తర్వాత నొప్పి అరగంటలో సర్దుకోవాలి, ఆ రాత్రి నిద్ర చెడకూడదు. చెడితే మర్నాడు సగం చేయాలి.

నా బల్ల మీద నేను కూడా కీలుని చిన్న చిన్న ఊపులతో కదిపానే తప్ప బిగువు దాకా పోలేదు. కరెంటు కూడా పెట్టాను, నిజం చెప్పాలిగా. సన్నటి కరెంటు పంపే ఐఎఫ్‌టీ, ధ్వని తరంగాలు పంపే అల్ట్రాసౌండ్ లాంటివి సంచిని వదులు చేస్తాయని నేను నమ్మను. కానీ కరెంటు పెట్టకపోతే వైద్యమే చేయలేదనుకుంటారు మనవాళ్లు. పది నిమిషాలు అది పెట్టి, ఆ పది నిమిషాల్లో ఇంట్లో ఎలా మెలగాలో చెప్పేవాణ్ని. రాత్రి మోచేతి కింద మడిచిన దుప్పటి పెట్టుకుని, చెయ్యి వెనక్కి వాలకుండా పడుకోవాలి. బట్టలు తొడుక్కునేటప్పుడు నొప్పి చెయ్యి ముందు, విప్పేటప్పుడు చివర. ఆవిడ ఇంకో అడుగు ముందుకేసి, ముందు వైపు కింది దాకా బటన్లున్న నైటీ రెండు కుట్టుకుని వచ్చి చూపించారు. ఇప్పుడు ఈ జబ్బుతో వచ్చే ఆడవాళ్లకి నేనే ఆ నైటీ సంగతి చెబుతున్నాను.

గోడ మీద వేళ్లతో ఎక్కించడం, తలుపు మీద తాడు కప్పీ లాగడం, రెండూ మాన్పించాను. మన దగ్గర ఫ్రోజెన్ షోల్డర్ అంటే మొదట చేయించేవి ఈ రెండే. చేసేవాళ్లని పక్కనుంచి చూడండి, వేళ్లు పైకి పోతుంటాయి, భుజం చెవికి అంటుకుంటుంది, కీలు మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

మూడో వారం చివర తప్పు జరిగింది. ఇంజెక్షన్ పనిచేస్తోంది, రాత్రి నొప్పి మూడుకి దిగింది, ఆవిడ నవ్వుతూ వచ్చారు. మాఘమాసం పెళ్లిళ్ల జాకెట్లు ఇంట్లో పేరుకున్నాయి, త్వరగా కానియ్యండి సార్ అన్నారు. నాకూ ఉత్సాహం పెరిగింది. ముంజేతిని అంచు దాకా బయటికి తిప్పి పట్టుకుని గట్టిగా నొక్కాను. బల్ల మీదే 12 డిగ్రీలు పెరిగింది, చార్టులో సంతోషంగా రాసుకున్నాను. ఆ రాత్రి నుంచి మూడు రాత్రులు ఆవిడకి నిద్ర లేదు. పది రోజులు రాలేదు. కూతురు ఫోన్ చేసి, మీరు కూడా గుంజారంటోంది సార్ అమ్మ అంది. మళ్లీ వచ్చినప్పుడు కొలిస్తే పెరిగిన 12 డిగ్రీలూ పోయాయి, వాటితో పాటు ఇంకో నాలుగు.

నాకు ముందే తెలిసిన విషయమే ఇది. 2004లో నెదర్లాండ్స్ నుంచి వచ్చిన ఒక అధ్యయనంలో 77 మందిని రెండేళ్లు గమనించారు. కొందరికి నొప్పి దాటి గట్టిగా సాగదీశారు, కొందరికి నొప్పి లోపలే తేలికపాటి వ్యాయామాలు చెప్పి వదిలేశారు. రెండేళ్లకి తేలిక వ్యాయామాల వాళ్లలో 89 శాతం మంది భుజం దాదాపు మామూలైంది, గట్టిగా సాగదీసిన వాళ్లలో 63 శాతం. ఈ అంకెలు నేను జూనియర్లకి చెబుతుంటాను. మొహం మీద నవ్వు చూసి ఆ రోజు మర్చిపోయాను. రాత్రి నొప్పి మూడుకి దిగింది ఇంజెక్షన్ వల్ల, సంచి ఇంకా చల్లారలేదు. క్షమించమని అడిగి, మళ్లీ మొదటి వారం వ్యాయామాలకి వెళ్లాం.

సాగదీసే రోజులు

ఏడో వారంలో వరుసగా పది రాత్రులు నిద్ర బాగుందన్నాక బిగువు మీదికి వెళ్లాను. ముంజెయ్యి బయటికి తిరగాలంటే రెట్ట ఎముక తలని వెనక నుంచి ముందుకి నెట్టాలని మాకు కాలేజీలో నేర్పారు. 2007లో 20 మంది మీద చేసిన చిన్న ట్రయల్‌లో దానికి ఎదురు తేలింది. ముందు నుంచి వెనక్కి నొక్కినవాళ్లకి దాదాపు 31 డిగ్రీలు వచ్చాయి, ముందుకి నెట్టినవాళ్లకి 3. నా చేతికీ అలాగే అనిపిస్తుంది. చెయ్యి తిరిగే అంచున పట్టుకుని, ఎముక తలని వెనక్కి మెల్లగా నొక్కి, నిమిషం దాకా వదలకుండా ఉంచడం. గుంజడం ఉండదు, ఆనుకుని ఉండటమే.

ఇంటి దగ్గర పొడుగు చెక్క స్కేలు పనికొచ్చింది. వెల్లకిలా పడుకుని, మోచేతిని నడుముకి ఆనించి, రెండు చేతులతో స్కేలు పట్టుకుని కుడి చేత్తో ఎడమ చేతిని బయటికి నెట్టడం. అర నిమిషం, ఐదుసార్లు, పూటకొకసారి. బుచ్చి నుంచి వారానికి మూడుసార్లు రావడమంటే వారంలో మూడు పూటల కుట్టు పోయినట్టు. అందుకే పది రోజులకి ఒకసారి రమ్మన్నాను. చేయి వెనక్కి పెట్టి తువ్వాలుతో లాగే వ్యాయామం అన్నిటికన్నా చివర, పద్నాలుగో వారంలో చెప్పాను. తొందరపడి చేసేది, ఎక్కువ మంది నొప్పి తిరగబెట్టుకునేది దానితోనే.

మధ్యలో బెంగళూరులో ఉన్న కొడుకు ఫోన్ చేశాడు. ఆపరేషన్ చేయిస్తే ఒక్క రోజులో అయిపోతుందట కదా అన్నాడు. 2020లో బ్రిటన్ నుంచి వచ్చిన 503 మంది ట్రయల్ సంగతి చెప్పాను. మత్తిచ్చి చెయ్యి వదిలించడం, కీహోల్ ఆపరేషన్, ఇంజెక్షన్‌తో కలిపి ఫిజియో, మూడింటినీ పోల్చారు. ఏడాది తర్వాత మిగతా రెంటినీ చెప్పుకోదగ్గంతగా మించింది ఏదీ లేదు. ఆరు నెలలు వదలకుండా వ్యాయామాలు చేసినా కదలని భుజానికి ఆపరేషన్ మాట ఆలోచించాలి, నేనూ పంపిస్తాను. అమ్మ భుజం కదులుతోంది బాబూ అన్నాను.

12వ వారానికి ముంజెయ్యి 35 డిగ్రీలు తెరుచుకుంది, ముందుకి ఎత్తడం 130. హెచ్‌బీఏ1సీ 7.6కి దిగింది. ఆరో నెలకి ముంజెయ్యి 50, ఎత్తడం 150, చెయ్యి వెనక్కి పెడితే నడుము పైదాకా. స్పాడీ 14. జడ తనే వేసుకుంటున్నారు. అటక మీదికి మాత్రం ఇంకా చెయ్యి పెట్టరు, అది భయమో బిగువో నాకూ తెలియలేదు. మిగిలిన ఆ కాస్త బిగువు పూర్తిగా పోతుందని నేను మాటివ్వలేదు. ఏళ్ల తర్వాత పిలిచి చూసిన అధ్యయనాల్లో కూడా చాలామందికి కొద్దిగా నొప్పో బిగువో మిగిలే ఉంది. కొందరికి అది తమకే తెలియదు, కొలిస్తే బయటపడుతుంది.

నయమైన భుజానికి ఇది మళ్లీ రావడం అరుదు. రెండో భుజానికి మాత్రం రావొచ్చు, షుగర్ ఉన్నవాళ్లలో ఇంకా ఎక్కువ. ఆరో నెలలో పంపించేటప్పుడు ఆ మాట చెప్పి, స్కేలుతో కుడి చేతిని ఎలా చూసుకోవాలో నేర్పాను.

డిసెంబరులో ఒక సాయంత్రం ఆవిడ ముందుగా ఫోన్ చేయకుండానే వచ్చారు. ఈసారి కుడి చెయ్యి. మూడు వారాలుగా రాత్రి ఆ పక్కకి తిరిగితే సలుపుతోందట. ఎక్కడా చూపించలేదు, ఎవరి చేతా లాగించుకోలేదు. బల్ల ఎక్కి, తనే మోచేతిని నడుముకి ఆనించి, ముంజేతిని బయటికి తిప్పి చూపించారు.

“స్కేలు పెట్టి చూసుకుంటాండా సార్. పోయిన నెల గోడ దాకా పొయ్యేది, ఇప్పుడు పోలేదు.”

కోణం కొలిచే గోనియోమీటరు పెట్టాను. జనవరిలో 65 ఉన్న చెయ్యి 48 దగ్గర ఆగింది. ఎక్స్‌రేకి చీటీ రాశాను, షుగర్ డాక్టర్‌కి ఫోన్ చేశాను. కరెంటు సంగతి ఆవిడ అడగలేదు.